ఉపదేశం, కదలిక: ఫిలిమ్స్ డివిజన్ యానిమేషన్ లఘుచిత్రాల శిల్పం (1956–1977) – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

స్వాతంత్ర్యానంతర భారతదేశంలో యానిమేషన్ లఘుచిత్రం ప్రధానంగా ప్రభుత్వ పోషణలో ఎదిగింది. బొంబాయిలోని ఫిలిమ్స్ డివిజన్‌లో 1956 ప్రాంతంలో ఏర్పడిన కార్టూన్ ఫిల్మ్ యూనిట్ దీనికి కేంద్రం. ఈ చిత్రాలను ప్రచారచిత్రాలుగా, బాలబోధలుగా మాత్రమే లెక్కించడం వల్ల వాటి శిల్పం తగినంత చర్చకు నోచుకోలేదు. రేఖ, కాలమానం, పునరావృత్తి, శబ్దం అనే నాలుగు అంశాల ఆధారంగా ‘ద బన్యన్ డీర్’ (1957), ‘అబిద్’ (1972), ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ (1974) మొదలైన చిత్రాల నిర్మాణరీతిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉపదేశం, పరిమిత వనరులు అనే రెండు నిర్బంధాల మధ్య ఈ శిల్పం ఎలా రూపొందిందో, ఆ శిల్పం ఒక్కొక్కచోట ఉపదేశాన్నే ఎలా ప్రశ్నార్థకం చేసిందో నిరూపించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: యానిమేషన్, లఘుచిత్రం, ఫిలిమ్స్ డివిజన్, మితచలనం, పిక్సిలేషన్, రామ్ మోహన్, ప్రమోద్ పతి, భీమ్‌సేన్, తోలుబొమ్మలాట.

1. ఉపోద్ఘాతం

సినిమాను గురించిన తెలుగు విమర్శ కథ, నటన, సంగీతం, సాహిత్యం చుట్టూ విస్తారంగా సాగింది. యానిమేషన్ ఆ పరిధిలోకి అరుదుగా వచ్చింది. దీనికి రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, బొమ్మల సినిమా పిల్లల వినోదమనే అభిప్రాయం. రెండవది, భారతదేశంలో చాలాకాలం యానిమేషన్ ప్రభుత్వ సందేశానికి వాహికగా ఉండడం. కుటుంబనియంత్రణ, దశాంశ పద్ధతి, పొదుపు, వ్యవసాయం, జాతీయ సమైక్యత వంటి విషయాలను బోధించే చిత్రంలో కళను వెదకడం అనవసరమని విమర్శకులు భావించి ఉండవచ్చు.

అయితే ఈ చిత్రాల ప్రేక్షకుల సంఖ్యను చరిత్రకారుడు విస్మరించలేడు. 1948లో స్థాపితమైన ఫిలిమ్స్ డివిజన్ నిర్మించిన వార్తాచిత్రాలను, లఘుచిత్రాలను ప్రతి సినిమాహాలు ప్రధానచిత్రానికి ముందు ప్రదర్శించాలన్న నియమం లైసెన్సు షరతుగా అమలయింది. ఈ చిత్రాలకు తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో వ్యాఖ్యానాలు సిద్ధమయ్యేవి. కాబట్టి బొంబాయిలో గీసిన బొమ్మ తెలుగు మాటతో తెలుగు ప్రేక్షకుని ముందుకు వచ్చింది. ‘న్యూస్ రీలు’ అని పిలిచి తేలికగా తీసుకున్నా, ఒక తరం ప్రేక్షకుల దృశ్యసంస్కారంలో దాని పాత్ర ఉంది.

శిల్పాన్ని అంచనా వేయాలంటే ముందు పనిని తెలుసుకోవాలి. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 చట్రాల వేగంతో నడుస్తుంది. అయిదు నిమిషాల చిత్రంలో 7,200 చట్రాలుంటాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి చట్రాలకు నిలిపినా 3,600 దశలు కావాలి. కదలికలోని కీలక భంగిమలను ప్రధాన చిత్రకారుడు గీస్తాడు. వాటి నడుమ దశలను సహాయకులు పూరిస్తారు. ఆ గీతలను పారదర్శకమైన సెల్యులాయిడ్ పలకలపైకి దింపి, వెనుకవైపు రంగులు నింపుతారు. చివరకు నేపథ్యచిత్రంపై ఒక్కొక్క పలకను పరచి కెమెరాతో చట్రం వెంట చట్రంగా తీస్తారు. నటుడున్న సినిమాలో కదలిక కెమెరా ముందే ఉంటుంది. యానిమేషన్‌లో కెమెరా ముందు ఉండేది నిశ్చలత మాత్రమే. ఒక చట్రానికీ తరువాతి చట్రానికీ మధ్య ఎంత తేడా ఉండాలో నిర్ణయించడమే ఈ కళకు మూలం. అందుచేత ఈ చిత్రాలను చదవవలసింది వాటి సందేశంలో కంటె ముందు ఆ తేడాల లెక్కలో.

2. పూర్వరంగం

భారతదేశంలో చట్రం వెంట చట్రంగా చిత్రించే పద్ధతికి ఆద్యుడు దాదాసాహెబ్ ఫాల్కే. కథాచిత్ర నిర్మాణానికి పెట్టుబడి సమకూర్చుకోవడం కోసం 1912లో ఆయన బఠాణీ మొక్క ఎదుగుదలను విరామాలతో ఒక్కొక్క చట్రంగా తీసి, రోజుల ఎదుగుదలను క్షణాలలో చూపించాడు. 1915లో అగ్గిపుల్లలను కదిలిస్తూ ‘ఆగ్కాడ్యాంచీ మౌజ్’ అనే లఘుచిత్రం తీశాడు. ఫ్రాన్సులో ఎమిల్ కోల్ ‘ఫాంటస్మగోరి’ (1908), అమెరికాలో విన్సర్ మెకే ‘గెర్టీ ద డైనోసార్’ (1914) వెలువడిన కాలమిదే. 1934లో కలకత్తా న్యూ థియేటర్స్ నుండి గుణమయ్ బెనర్జీ ‘పీ బ్రదర్స్’ వచ్చింది. ఇవన్నీ వ్యక్తుల ఉత్సాహంతో జరిగిన ప్రయత్నాలు. ఒక ప్రయత్నంలో నేర్చుకున్నది మరొక ప్రయత్నానికి అందించే శిక్షణవ్యవస్థ లేకపోవడం వల్ల ఇవి సంప్రదాయంగా నిలువలేదు.

బొమ్మకు కదలికనిచ్చే దేశీయ కళ మాత్రం అంతకు చాలా ముందే ఉంది. తెలుగునాట తోలుబొమ్మలాటలో బొమ్మ తల, చేతులు, కాళ్ళు వేర్వేరుగా కోసి, కీళ్ళ దగ్గర దారంతో కూర్చుతారు. పలుచగా గీసి రంగులద్దిన తోలు గుండా వెలుగు ప్రసరించి తెరమీద రంగుల రూపం పడుతుంది. కత్తిరింపు బొమ్మలతో తీసే యానిమేషన్‌కు, ముఖ్యంగా జర్మనీ కళాకారిణి లోటె రైనిగర్ 1926లో పూర్తిచేసిన ‘ప్రిన్స్ అఖ్మద్’ వంటి ఛాయాచిత్రాలకు, ఈ నిర్మాణసూత్రంతో సామ్యముంది. ఒకటి మరొకదానిని ప్రభావితం చేసిందని ఈ పోలికతో చెప్పనక్కరలేదు. కీలు, పక్కచూపు, వెలుగు అనే మూడింటితో ఒక ప్రాణిని సృష్టించవచ్చునన్న ఎరుక తెలుగు ప్రేక్షకునికి కొత్తది కాదన్నదే ఇక్కడ గమనించవలసిన విషయం.

3. కార్టూన్ ఫిల్మ్ యూనిట్

ఫిలిమ్స్ డివిజన్‌లో యానిమేషన్ విభాగం నిలదొక్కుకోవడానికి అమెరికా సాంకేతిక సహకార కార్యక్రమం తోడ్పడింది. దాని కింద 1956లో బొంబాయి వచ్చిన క్లెయిర్ వీక్స్ డిస్నీ సంస్థలో ‘స్నో వైట్’, ‘బాంబీ’, ‘పీటర్ పాన్’ చిత్రాలకు పనిచేసిన అనుభవజ్ఞుడు. మిషనరీ కుటుంబానికి చెందిన ఆయనకు భారతదేశం బాల్యం నుండి పరిచితం. ఆయన వద్ద శిక్షణ పొందిన తొలితరంలో రామ్ మోహన్ ఒకరు. అంతకుముందే స్వయంకృషితో బొమ్మల చిత్రాలు తీసిన జి.కె. గోఖలే ఈ విభాగానికి మరొక మూలస్తంభం. 1961లో నేపథ్య చిత్రకారునిగా చేరిన భీమ్‌సేన్ ఖురానా రామ్ మోహన్ దగ్గర యానిమేషన్ నేర్చుకున్నారు.

ఈ వరుసను గమనిస్తే ఒక గురుశిష్య పరంపర కనిపిస్తుంది. డిస్నీ స్టూడియోలో దశాబ్దాలుగా రూపొందిన విద్య వీక్స్ ద్వారా బొంబాయికి, అక్కడ ఒక తరం నుండి మరొక తరానికి సంక్రమించింది. పూర్వరంగంలో లోపించినది ఇదే. జీతం, గది, కెమెరా, ఏటేటా కొత్త చిత్రాల పని అనేవి ఉన్నందువల్ల నైపుణ్యం వ్యక్తితో అంతరించకుండా సంస్థలో నిలిచింది. ప్రభుత్వ పోషణ విషయాన్ని శాసించిందనడం ఎంత నిజమో, చేతిపనికి కాలాన్ని, కొనసాగింపును ఇచ్చిందనడం అంతే నిజం.

విదేశీ ప్రభావం కూడ ఒక్కదిక్కు నుండి రాలేదు. కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డుకు చెందిన నార్మన్ మెక్‌లారెన్ 1950లలో యునెస్కో తరఫున భారతదేశంలో చిత్రనిర్మాణ పద్ధతులను బోధించారు. ప్రమోద్ పతి చెకొస్లోవేకియాలో యిరీ త్రిన్కా దగ్గర పప్పెట్ యానిమేషన్ అభ్యసించారు. అమెరికా, కెనడా, తూర్పు ఐరోపా అనే మూడు పాఠశాలలు ఒకే కార్యాలయంలో కలిశాయి. అలీన విధానం అనుసరించిన దేశంలో యానిమేషన్ విద్య కూడ ఏ ఒక్క శిబిరానికీ పరిమితం కాలేదు.

4. ‘ద బన్యన్ డీర్’: భిత్తిచిత్రాన్ని నడిపించడం

యూనిట్ తొలి ముఖ్యకృతి ‘ద బన్యన్ డీర్’ (1957). దీనికి మూలం నిగ్రోధమృగ జాతకం. కాశీరాజు వేటకోసం రోజుకొక జింక వంతు చొప్పున ప్రాణమివ్వవలసిన ఏర్పాటు, గర్భిణి అయిన లేడికి వంతు రావడం, ఆమెకు బదులుగా నిగ్రోధమృగరాజు తన ప్రాణాన్ని అర్పించ సిద్ధపడడం, రాజు మనసు మారడం ఈ కథలోని ఘట్టాలు. అహింసను, ఆత్మత్యాగాన్ని బోధించే ఈ కథను కొత్త దేశపు తొలి యానిమేషన్ శిక్షణకు ఎన్నుకోవడం సందర్భోచితం. బుద్ధజయంతి 2,500 సంవత్సరాల ఉత్సవాలు 1956లోనే జరిగాయి.

చిత్రానికి రూపశైలిని అజంతా భిత్తిచిత్రాల నుండి గ్రహించారు. అజంతా గుహలు 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేవరకు హైదరాబాద్ రాజ్యంలో భాగం. ఆ రాజ్య పురావస్తు శాఖకు అధిపతిగా పనిచేసిన గులామ్ యజ్దానీ సంపుటాలు 1930 నుండి 1955 వరకు వెలువడి ఆ చిత్రాలను గుహల వెలుపలి ప్రపంచానికి చేర్చాయి. కాబట్టి 1957 నాటి చిత్రకారునికి అజంతా రేఖ పుస్తకరూపంలో చేరువగా ఉంది.

ఇక్కడే శిల్పపరమైన చిక్కు ఎదురవుతుంది. డిస్నీ విద్య ఘనత్వంపై ఆధారపడుతుంది. జింక శరీరానికి బరువుంది, ఎముకలున్నాయి. అది దూకినప్పుడు సాగుతుంది, నేలను తాకినప్పుడు కుదించుకుంటుంది. ‘బాంబీ’ చిత్రకారులు జింకలను పెంచి, వాటి శరీరనిర్మాణాన్ని అభ్యసించింది ఇందుకోసమే. అజంతా రేఖ స్వభావం వేరు. అది లయబద్ధంగా ఒంపు తిరిగి, ఒక భంగిమను సంపూర్ణంగా నిలుపుతుంది. ఆ నిలకడలోనే దాని కరుణ, దాని మాధుర్యం ఉన్నాయి. అటువంటి రేఖను సెకనుకు 12 సార్లు తిరిగి గీయవలసి వచ్చినప్పుడు, ప్రతి మారు గీతలో ఏర్పడే సూక్ష్మభేదం తెరమీద వణుకుగా కనిపిస్తుంది. ఘనత్వాన్ని నమ్మితే అజంతా పోతుంది. రేఖను నమ్మితే నడక పోతుంది.

దీనికి యానిమేషన్‌లో లభించే పరిష్కారం కాలాన్ని పంచుకోవడం. పరుగు, భయం, గుంపు చెదరడం వంటి చోట్ల శరీరధర్మాన్ని పాటించి, త్యాగం, క్షమ వంటి భావఘట్టాలలో భంగిమను ఎక్కువ చట్రాలకు నిలుపవచ్చు. జాతకకథ నిర్మాణం ఈ పంపకానికి అనుకూలం. అందులో మొదటి సగం సంచలనం, రెండవ సగం నిశ్చలత. మృగరాజు వధ్యస్థానంలో తల వాల్చి ఉండడం అసలే చిత్రలేఖన భంగిమ. శిక్షణచిత్రంగా మొదలైన ఈ ప్రయత్నం భారతీయ యానిమేషన్ ముందున్న ప్రధాన ప్రశ్నను ఆదిలోనే నిలబెట్టింది: దేశీయ చిత్రకళ నుండి ఆకృతిని అరువు తెచ్చుకుంటే సరిపోతుందా, కదలికకు కూడ దేశీయమైన లయ ఒకటి కావాలా?

ఇదే కాలంలో జహంగీర్ భౌనగరీ ‘రాధా అండ్ కృష్ణ’ చిత్రంలో మరొక మార్గం తొక్కారు. పహాడీ లఘుచిత్రపటాలను తిరిగి గీయకుండా, వాటిమీద కెమెరాను కదిలించి, ఒక వివరం నుండి మరొక వివరానికి దృష్టిని నడిపించారు. బొమ్మ కదలదు, చూపు కదులుతుంది. అచ్చమైన యానిమేషన్ కాకపోయినా, మూలచిత్రపు రేఖను చెదరనీయకుండా దానికి కాలాన్నిచ్చే ఈ పద్ధతి ‘ద బన్యన్ డీర్’ సమస్యకు భిన్నమైన సమాధానం.

5. మితచలనం: లోపమా, శైలియా?

1950లలో అమెరికాలో యు.పి.ఏ. సంస్థ, యుగోస్లావియాలో జాగ్రెబ్ చిత్రకారులు డిస్నీ పద్ధతికి ప్రత్యామ్నాయాన్ని చూపారు. పూర్తి శరీరాన్ని ప్రతి మారు గీయకుండా, కదిలే భాగాన్ని మాత్రం వేరొక పలకపై మార్చడం, నేపథ్యాన్ని చదునైన రంగులతో సూచించడం, భంగిమ నుండి భంగిమకు చటుక్కున మారడం ఈ పద్ధతి లక్షణాలు. దీనిని తెలుగులో ‘మితచలనం’ అనవచ్చు. ఫిలిమ్స్ డివిజన్ చిత్రకారులు 1960లలో ఎక్కువగా దీనిని ఆశ్రయించారు.

ఖర్చు తగ్గించుకోవడానికే ఇలా చేశారనే వివరణ పాక్షిక సత్యం. తక్కువ సిబ్బందితో, గడువులోగా, నిర్దేశించిన నిడివిలో చిత్రం పూర్తికావాలన్న ఒత్తిడి ఉన్న మాట వాస్తవమే. కాని మితచలనానికి దానిదైన వ్యాకరణం ఉంది. పూర్ణచలనంలో బొమ్మ నటుడు. మితచలనంలో బొమ్మ సంకేతం. ఒక రైతు, ఒక గుమాస్తా, ఒక తల్లి అనే పాత్రలను కొద్ది గీతలతో గుర్తుపట్టేలా చేసి, వారి మధ్య సంబంధాన్ని దృశ్యంలో వారు నిలబడిన తీరుతో చెప్పవలసి వస్తుంది. గీత తగ్గినకొద్దీ ప్రతి గీతకు బాధ్యత పెరుగుతుంది. కదలిక తగ్గినకొద్దీ నిలకడకు విలువ పెరుగుతుంది. వ్యంగ్యం ఈ పద్ధతికి సహజంగా అమరుతుంది; ఒక క్షణం ఆగి, కనురెప్ప మాత్రమే కదిలిన బొమ్మ చెప్పే హాస్యం నిండు నటనతో రాదు.

బహుభాషా ప్రదర్శన కూడ ఈ శైలిని బలపరచి ఉండవచ్చు. ఒకే చిత్రం తెలుగు, తమిళం, బెంగాలీ మొదలైన భాషలలో వినిపించవలసినప్పుడు పెదవుల కదలికను ఒక భాషకు కచ్చితంగా జతచేయడం మిగిలిన భాషలకు అడ్డంకి. పాత్రల సంభాషణ కంటె వెలుపలి వ్యాఖ్యాత గొంతు, మాటల కంటె సంగీతం, చేష్టలు అనువుగా ఉంటాయి. సినిమా హాళ్ళలో వినిపించే వ్యాఖ్యానం కొంత బరువుగా, గ్రాంథికంగా తోచినా, బొమ్మ మాత్రం ఏ భాషకూ చెందని సంకేతంగా నిలిచేది. భారతదేశపు భాషావైవిధ్యం ఒక దృశ్యశైలికి కారణాలలో ఒకటి కావడం సినిమాచరిత్రలో ప్రత్యేకంగా అధ్యయనం చేయదగిన అంశం.

భీమ్‌సేన్ స్వతంత్రంగా తీసిన ‘ద క్లైంబ్’ (1970) ఈ సంకేతభాషను ఉపదేశం నుండి విడదీసింది. ఒక మనిషి కొండనెక్కే ప్రయత్నం ఇందులో జీవితారోహణకు ప్రతీక. షికాగో చలనచిత్రోత్సవంలో సిల్వర్ హ్యూగో పొందిన ఈ చిత్రం పేరుతోనే ఆయన 1971లో క్లైంబ్ ఫిలిమ్స్ సంస్థను స్థాపించారు. ప్రభుత్వ విభాగంలో నేర్చిన మితభాష వ్యక్తిగత చింతనకు కూడ చాలునని ఈ కృతి చూపింది.

6. ప్రమోద్ పతి: మనిషే బొమ్మ

1960ల మధ్యలో భౌనగరీ ఫిలిమ్స్ డివిజన్‌కు ముఖ్య సలహాదారుగా తిరిగివచ్చిన కాలం ప్రయోగాలకు అవకాశమిచ్చింది. ఎస్. సుఖ్‌దేవ్, ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి డాక్యుమెంటరీలో చేసిన సాహసానికి యానిమేషన్‌లో సమానస్థానం ప్రమోద్ పతిది. ఒడిశాకు చెందిన పతి (1932–1975) త్రిన్కా శిష్యుడన్న సంగతి ఆయన శిల్పాన్ని అర్థం చేసుకోవడానికి కీలకం. త్రిన్కా బొమ్మల ముఖంలో కవళికలు మారవు. చెక్కిన ముఖం చెక్కినట్లే ఉంటుంది. తల వంపు, వెలుగు పడే దిశ, కెమెరా కోణం మారి భావం పలుకుతుంది. తెలుగు తోలుబొమ్మలాటలోనూ బొమ్మ ముఖం మారదు. భావమంతా ఆడించేవాని చేతిలో, పాడేవారి గొంతులో ఉంటుంది. నిర్వికారమైన ముఖంనుండి భావాన్ని రాబట్టే ఈ సూత్రం పతి చేతిలో ఊహించని మలుపు తిరిగింది.

‘అబిద్’ (1972)లో పతి బొమ్మను వదలి మనిషిని తీసుకున్నాడు. చిత్రకారుడు అబిద్ సుర్తీని ఒక గదిలో నిలిపి, ఆయన శరీరాన్ని చట్రం వెంట చట్రంగా తీశాడు. దీనిని పిక్సిలేషన్ అంటారు. మెక్‌లారెన్ ‘నైబర్స్’ (1952)తో ప్రపంచప్రసిద్ధమైన పద్ధతి ఇది. నటుడు ఒక భంగిమలో నిలుస్తాడు, ఒకటి రెండు చట్రాలు తీస్తారు, నటుడు కొద్దిగా జరుగుతాడు, మళ్ళీ తీస్తారు. ఫలితంగా మనిషి నడవకుండానే జరుగుతాడు, పాకకుండానే గోడనెక్కుతాడు, గది తనంతట తాను రంగులు దాల్చుతుంది. రంగు పూసే క్రియ కంటె రంగు వ్యాపించే క్రమమే కంటికి కనిపిస్తుంది.

ఈ పద్ధతిలోని శిల్పరహస్యం శరీరశ్రమను దాచడంలో ఉంది. తెరమీద తేలికగా కనిపించే ప్రతి జారుడు వెనుక నటుడు గంటల తరబడి బిగబట్టిన భంగిమలున్నాయి. మామూలు సినిమా మనిషి కదలికను నమోదు చేస్తే, పిక్సిలేషన్ అతని కదలికను తొలగించి, అతని విరామాలను మాత్రమే నమోదు చేస్తుంది. ప్రభుత్వచిత్రాలలో పౌరుడు సాధారణంగా బోధ వినే పాత్ర. ‘అబిద్’లో ఒక మనిషి తన గదిని, తన్ను తానే చిత్రంగా మార్చుకుంటాడు. ఇందులో బోధించవలసిన పాఠమేదీ లేదు. ‘ఎక్స్‌ప్లోరర్’ (1968), ‘ట్రిప్’ (1970) కూడ ఈ ధోరణివే. మొదటిది యువతరపు అశాంతిని శీఘ్ర చట్రాల తాకిడితో చూపగా, రెండవది బొంబాయి నగరజీవితపు క్షణికతను కాలాన్ని కుదించి చూపింది. ఇవి ప్రభుత్వ సంస్థ నుండే వెలువడడం ఆ సంస్థ చరిత్రను ఏకముఖంగా వ్రాయరాదని హెచ్చరిస్తుంది.

7. ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’: పునరావృత్తి అర్థమైన వేళ

ఉపదేశానికి, శిల్పానికి గల సంబంధాన్ని అత్యంత స్పష్టంగా చూపే చిత్రం భీమ్‌సేన్ రూపొందించిన ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ (1974). రచన విజయా ములే, సంగీతం వసంత్ దేశాయి. సుమారు ఏడు నిమిషాల ఈ చిత్రం ఉత్తమ విద్యావిషయక చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. తరువాత దూరదర్శన్‌లో పలుమార్లు ప్రసారమై దేశమంతటా పరిచితమయింది. 1975 ఆగస్టు నుండి ఏడాదిపాటు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా విద్యాకార్యక్రమాలు అందించిన ‘సైట్’ ప్రయోగానికి బాలల కార్యక్రమాలను రూపొందించడంలో కూడ విజయా ములే పాత్ర ఉంది. చిత్రం ఈ విద్యాసంకల్పపు వాతావరణంలో పుట్టింది.

కథాక్రమం సరళం. ‘అనేకం’ అంటే ఏమిటని తమ్ముడు అడుగుతాడు. అక్క సూర్యుడు ఒకటి, చంద్రుడు ఒకటి, నక్షత్రాలు అనేకమని, తరువాత ఉడుతలతో, పిట్టలతో వివరిస్తుంది. గింజలకోసం వాలిన పిట్టలు వేటగాని వలలో చిక్కి, అన్నీ కలిసి వలతో సహా ఎగిరి, ఎలుకల సాయంతో బయటపడతాయి. సమైక్యగీతంతో చిత్రం ముగుస్తుంది. పిట్టల కథ తెలుగు పాఠకునికి చిరపరిచితం. 1853లో వెలువడిన పరవస్తు చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ మిత్రలాభంలో చిత్రగ్రీవుడనే కపోతరాజు, హిరణ్యకుడనే మూషికం కథగా అది తరతరాల విద్యార్థులకు పాఠమయింది. సూరి కథలో ప్రధానాంశం నాయకుని వివేకం, స్నేహితుని విలువ. రాజు తన బంధాల కంటె ముందు పరివారపు బంధాలను కొరకమనడం అందులోని నీతిసారం. చిత్రంలో రాజు లేడు, మంత్రాంగం లేదు. సమానులైన పిట్టల గుంపు ఉంది. రాజనీతి కథ ప్రజాస్వామ్య కథగా మారింది.

శిల్పదృష్టితో చూస్తే అసలు విశేషం మరొకటి. మితచలనంలో పని తగ్గించే ప్రధాన సాధనం పునరావృత్తి. ఒక ఉడుత పరుగును కొద్ది బొమ్మలతో ఒక ఆవర్తనంగా గీస్తే, దానినే మళ్ళీ మళ్ళీ తీయవచ్చు. ఆ పలకలనే పక్కపక్కన పేర్చి గుంపుగా చూపవచ్చు. ఇతర చిత్రాలలో ఇది ప్రేక్షకుని కంటబడకుండా దాచవలసిన పొదుపు. ఈ చిత్రంలో అదే విషయం. ఒకటి అనేకం కావడమంటే ఒక బొమ్మ అనేకసార్లు కావడమే. ప్రశ్నకు జవాబును అక్క మాట కంటె ముందు యానిమేషన్ ప్రక్రియే చెబుతుంది. ఉపదేశం, వనరుల కొరత అనే రెండు నిర్బంధాలు ఒకదానికొకటి సమాధానమైన అరుదైన సందర్భమిది.

శబ్దం ఈ నిర్మాణాన్ని పూర్తిచేస్తుంది. ప్రశ్న, జవాబు, మళ్ళీ ప్రశ్న అనే సంవాదలయ పిల్లల గొంతులతో సాగుతుంది. ప్రభుత్వచిత్రాలకు అలవాటైన గంభీర వ్యాఖ్యాత ఇక్కడ తప్పుకున్నాడు. జ్ఞానం పైనుండి దిగకుండా, అక్క నుండి తమ్మునికి ఆటలో భాగంగా అందుతుంది. పాట ప్రతి దశను మాటలలో పునరుక్తి చేస్తుంటే, బొమ్మ దానిని రూపంలో పునరుక్తి చేస్తుంది. ఈ జంట పునరుక్తి వల్లనే చిత్రం ఒక్కసారి చూసినవారికి కూడ నోటికి వస్తుంది.

అయినా ఈ శిల్పం ఒక ప్రశ్నను మిగుల్చుతుంది. ఒకే బొమ్మను అనేకంగా పేర్చినప్పుడు ఏర్పడే ఐక్యత సమరూపుల ఐక్యత. ఉడుతలన్నీ ఒక్కటే, పిట్టలన్నీ ఒక్కటే. దేశం అటువంటిది కాదు. చివరి గీతం భాష, వేషం, రంగు వేరువేరని చెప్పి, ఆ భేదాలను ఒక్కటి చేస్తుంది. మాట భేదాన్ని అంగీకరిస్తుంది. పిట్టల దృష్టాంతం భేదం లేని చోటనే ఐక్యతను చూపుతుంది. 1969 తెలంగాణ ఉద్యమాన్ని, 1972 జై ఆంధ్ర ఉద్యమాన్ని అప్పుడే చూసిన తెలుగు సమాజానికి ‘అనేకం’, ‘ఏకత్వం’ అన్న మాటలు బాలబోధలో ఉన్నంత సరళంగా ఉండే అవకాశం లేదు. చిత్రం ఈ చిక్కును చర్చించదు. కాని దాని నిర్మాణరీతిని దగ్గరగా చూసినప్పుడు మాత్రమే ఈ చిక్కు కనబడుతుంది. సందేశాన్ని మాత్రమే చదివిన విమర్శ దీనిని మెచ్చుకోగలదు లేదా తోసిపుచ్చగలదు, అర్థం చేసుకోలేదు.

8. వెలుపలి శాఖలు

ఫిలిమ్స్ డివిజన్‌లో రూపొందిన విద్య 1970 నాటికి వెలుపలికి ప్రవహించింది. రామ్ మోహన్ 1968లో సంస్థను వీడి, ఏలూరు సమీప గ్రామంలో జన్మించిన ఎల్.వి. ప్రసాద్ నెలకొల్పిన ప్రసాద్ ప్రొడక్షన్స్‌లో యానిమేషన్ విభాగానికి అధిపతిగా చేరారు. తెలుగు నిర్మాతకు భారతీయ యానిమేషన్ చరిత్రతో గల ఈ సంబంధం తగినంత గుర్తింపు పొందలేదు. 1972లో రామ్ మోహన్ సొంత సంస్థను ప్రారంభించారు. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’ (1969), సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’ (1977) చిత్రాలలోని యానిమేషన్ ఘట్టాలు ఆయనవే. రాయ్ చిత్రంలో కుంఫిణీ పాలకులు స్వదేశీ సంస్థానాలను ఒక్కొక్కటిగా మింగిన వైనాన్ని వ్యంగ్యచిత్రాలతో క్లుప్తంగా చెప్పగలగడం, ప్రభుత్వ లఘుచిత్రాలలో ఏళ్ళ తరబడి సాధన చేసిన సంక్షేపశక్తికి ఫలం. అక్కడ దశాంశ పద్ధతిని వివరించడానికి నేర్చిన భాష ఇక్కడ వలసవాదాన్ని విమర్శించడానికి ఉపకరించింది.

అహ్మదాబాదులో 1961లో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ మరొక శాఖ. అక్కడ చదివిన ఇషూ పటేల్ కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డులో తీసిన ‘బీడ్ గేమ్’ (1977) ఆస్కార్ ప్రతిపాదన పొందింది. అయిదున్నర నిమిషాల ఆ చిత్రంలో గీసిన గీత ఒక్కటీ లేదు. వేలాది పూసలను చేతితో జరుపుతూ తీసినది. ఒక బిందువు జీవిగా, జీవి మరొక జీవిని మింగే మృగంగా, మృగాలు పోరాడే మనుషులుగా మారుతూ చివరకు అణువినాశనం అంచుకు చేరే క్రమం తబలా ధ్వనితో నడుస్తుంది. ‘ఏక్ అనేక్’లో ఒకే బొమ్మ అనేకమయితే, ఇక్కడ అనేక పూసలు కలిసి ఒక బొమ్మవుతాయి, కలిసిన ప్రతిసారీ ఆ బొమ్మ మరొకదానిపై దాడి చేస్తుంది. మూడేళ్ళ వ్యవధిలో వచ్చిన ఈ రెండు చిత్రాలు ఏకత్వాన్ని గురించి వినిపించే పరస్పర విరుద్ధ వాదాలుగా చదువదగినవి.

9. చేతుల చరిత్ర

ఈ పరిశీలనలో ప్రస్తావనకు వచ్చినవన్నీ దర్శకుల పేర్లే. మధ్యచిత్రాలు గీసినవారు, గీతలు దింపినవారు, రంగులు నింపినవారు చరిత్రలో దాదాపు అనామకులు. పై భాగాలలో చర్చించిన రేఖానైర్మల్యం, నిలకడ, లయ వారి చేతుల మీదుగానే తెరకెక్కాయి. ప్రధాన చిత్రకారుడు రెండు భంగిమలను నిర్ణయిస్తే, వాటి మధ్య దూరాన్ని ప్రాణంతో నింపినవాడు సహాయకుడు. తోలుబొమ్మలాటలో దళం పేరు నిలిచి బొమ్మలు చేసినవారి పేర్లు మరుగుపడినట్లే ఇక్కడా జరిగింది.

ఈ ప్రశ్న గతానికి పరిమితం కాదు. 2001లో ఆరంభమైన గ్రీన్ గోల్డ్ సంస్థ 2008 నుండి ‘ఛోటా భీమ్’ ధారావాహికతో ప్రసిద్ధి పొందాక హైదరాబాదు దేశంలోని ముఖ్య యానిమేషన్ కేంద్రాలలో ఒకటయింది. కంప్యూటరు మధ్యచిత్రకారుని పనిని చాలావరకు మార్చివేసింది. చేతి నుండి చేతికి వచ్చిన విద్యను నమోదు చేయవలసిన సమయమిది. 2022లో ఫిలిమ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయింది. దాని చిత్రాలలో అనేకం నేడు అంతర్జాలంలో చూడవచ్చు. చిత్రం లభిస్తే చరిత్ర లభించినట్లు కాదు. పని పంపకపు పట్టీలు, రంగుల సూచికలు, ప్రాథమిక రేఖాచిత్రాలు, తెలుగు వ్యాఖ్యానపు వ్రాతప్రతులు వంటివి చేరితేగాని ఈ శిల్పానికి సమగ్రచరిత్ర సాధ్యం కాదు.

10. ముగింపు

పై పరిశీలన నుండి ఈ నిర్ధారణలు చేయవచ్చు.

1. భారతీయ యానిమేషన్‌కు శిక్షణ, కొనసాగింపు ప్రభుత్వ పోషణ వల్ల సమకూరాయి. విషయపరమైన నియంత్రణ, వృత్తిపరమైన స్థిరత్వం ఒకే వ్యవస్థకు రెండు ముఖాలు.

2. ‘ద బన్యన్ డీర్’ ఘనత్వానికి, రేఖకు మధ్యగల ఘర్షణను మొదటిసారి ముందుకు తెచ్చింది. దేశీయతను ఆకృతిలోనే గాక కదలికలో కూడ వెదకవలసి ఉన్నదని ఆ ప్రయత్నం తెలుపుతుంది.

3. మితచలనం కేవలం వనరుల కొరత ఫలితం కాదు. సంకేతం, వ్యంగ్యం, బహుభాషా ప్రదర్శన దానిని ఒక శైలిగా స్థిరపరచాయి.

4. ‘అబిద్’ ప్రభుత్వ సంస్థలోనే ఉపదేశరహిత కళకు చోటున్నదని చూపింది. ‘ఏక్ అనేక్ ఔర్ ఏకతా’ ఉపదేశంలోనే శిల్పం ఎంత దూరం పోగలదో, ఎక్కడ దానితో విభేదించగలదో చూపింది.

5. తోలుబొమ్మలాట, నీతిచంద్రిక వంటి తెలుగు సంప్రదాయాలతో తులనాత్మక అధ్యయనానికి, ఈ చిత్రాల తెలుగు వ్యాఖ్యానాల భాషాపరిశీలనకు విస్తృతమైన అవకాశముంది.

ప్రధానచిత్రం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూస్తున్న ప్రేక్షకుల ముందు ఈ చిత్రాలు ప్రదర్శితమయ్యాయి. ఆ అసహనం వాటి కాలంలో సహజం. నేటి పరిశోధకునికి ఆ తొందర లేదు. ఒక్కొక్క చట్రం వద్ద ఆగి, తరువాతి చట్రానికి ఎంత తేడా ఉన్నదో, ఆ తేడాను ఏ చేయి ఎందుకలా నిర్ణయించిందో అడిగే తీరిక విమర్శకు వచ్చినప్పుడు ఉపదేశచిత్రమని పక్కన పెట్టిన ఈ విస్తారమైన వారసత్వానికి కళాచరిత్రలో తగిన స్థానం ఏర్పడుతుంది.